కల్లంలో కుప్ప ఎన్ని రోజులుంటోంది? వడ్ల కొనుగోళ్లు చూసే అధికారులకు బహిరంగ లేఖ

ఉత్తర తెలంగాణ జిల్లాల్లో వడ్ల కొనుగోళ్లు చూస్తున్న అధికారులందరికీ నమస్కారం.

నేను హనుమకొండలో ఎంబీఏ పిల్లలకు ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ పాఠం చెబుతాను. ఊళ్లో నాలుగెకరాల వరి కూడా ఉంది. పొద్దున క్లాసులో టయోటా ఫ్యాక్టరీ గురించి చెప్పి, సాయంత్రం మా ఊరి కొనుగోలు కేంద్రానికి పోతే, పాఠంలో చేయొద్దని చెప్పినవన్నీ అక్కడ వరుసగా కనబడతాయి. అక్కడ పనిచేసేవాళ్లు చేతగానివాళ్లేమీ కాదు. మహిళా సంఘం అక్కలు పొద్దున ఏడింటికే వస్తారు. హమాలీలు నలభై రెండు డిగ్రీల ఎండలో బస్తాలు మోస్తారు. మీలో చాలామందికి ఆ రెండు నెలలు ఆదివారం అనేదే ఉండదు. ఇంతమంది ఇంత కష్టపడుతుంటే కుప్పలు ఎందుకు కదలడం లేదన్నదే నా ప్రశ్న.

సీజన్ మొదలైందంటే మీ సమీక్షల్లో మూడు లెక్కలు వినిపిస్తాయి. ఎన్ని కేంద్రాలు తెరిచారు, ఎన్ని టన్నులు కొన్నారు, ఎన్ని కోట్లు ఖాతాల్లో వేశారు. మూడూ అవసరమే. రైతును రాత్రిపూట కల్లంలో పడుకోబెట్టే లెక్క మాత్రం వీటిలో లేదు. వడ్లు పోసిన రోజు నుంచి లారీ ఎక్కే రోజు దాకా సగటున ఎన్ని రోజులు పడుతోంది? ఏ కేంద్రంలో ఎంత? పోయిన యాసంగి కంటే పెరిగిందా, తగ్గిందా? నాకు తెలిసి ఈ అంకె ఏ బోర్డు మీదా రాయరు, ఏ ప్రెస్‌నోట్‌లోనూ ఉండదు.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. తర్వాత ఎంఐటీలో ప్రొఫెసర్ అయిన జాన్ లిటిల్ 1961లో నిరూపించిన చిన్న సూత్రం చాలు. లోపల పేరుకుపోయిన సరుకును రోజుకు బయటికి పోయే సరుకుతో భాగిస్తే, సగటున ఎన్నాళ్లు ఆగుతోందో వస్తుంది. ఒక కేంద్రంలో 12,000 బస్తాల వడ్లు ఉన్నాయనుకుందాం. రోజుకు లారీ ఎక్కేవి 1,000 బస్తాలు. అంటే ఈరోజు వడ్లు తెచ్చిన రైతు సుమారు పన్నెండు రోజులు ఆగాలి. ఇప్పుడు మీరు ఇంకో రెండు కాంటాలు పెట్టించి, హమాలీలను రెట్టింపు చేశారనుకుందాం. లారీలు మాత్రం అవే. ఆగాల్సిన రోజులు మళ్లీ పన్నెండే. తేడా ఒక్కటే, ఇదివరకు కుప్పలుగా ఉన్న వడ్లు ఇప్పుడు కుట్టిన బస్తాలుగా ఉంటాయి. వాన వస్తే కుప్ప మీద పట్టా కప్పడం తేలిక, నాలుగు వందల బస్తాల మీద కప్పడం కష్టం. పైగా అడుగు వరస నానుతుంది.

మన చెరువుల్లోకి ఎన్ని వాగులొచ్చి పడ్డా పొలానికి పారేది తూములో పట్టినన్ని నీళ్లే. ఇజ్రాయెల్‌కు చెందిన ఎలియాహు గోల్డ్‌రాట్ అనే భౌతికశాస్త్రవేత్త 1980లలో ఫ్యాక్టరీల గురించి చెప్పింది కూడా ఇదే. వరస మొత్తంలో అన్నిటికంటే ఇరుకైన చోటు ఒకటుంటుంది. మొత్తం పని వేగం ఆ ఒక్కచోటి వేగమే. అక్కడ గంట పోతే మొత్తానికి గంట పోయినట్టు. ఇంకోచోట గంట మిగిల్చినా లాభం లేదు.

మరి మన దగ్గర ఆ ఇరుకు ఎక్కడుంది? కేంద్రంలో నిలబడి వింటే తెలిసిపోతుంది.

"అక్కా, నా సీరియల్ ఎప్పుడొస్తది?"

"లారీ వస్తే పెడ్తం అన్నా. పోయిన లారీనే ఇంకా ఖాళీ కాలే."

పోయిన లారీ ఎక్కడుందో చూద్దామని ఒకసారి ఒక మిల్లు దాకా పోయాను. గేటు ముందు రోడ్డు పక్కన వరసగా లారీలు. ఒక డ్రైవర్ లారీ కింద నీడలో స్టవ్ పెట్టుకుని అన్నం వండుకుంటున్నాడు. వచ్చి రెండో రోజట. లోపల దించేది ఒక్కటే జట్టు, బిహార్ హమాలీలు. మిల్లు ఆవరణలో సగం దాకా పోయిన సీజన్ వడ్లే ఉన్నాయి. బస్తాలు దించాలంటే ముందు వాటిని జరపాలి. ఇరవై ఐదు టన్నుల లారీ అంటే నలభై కిలోల బస్తాలు 625. వాటిని దించడానికి పట్టే సమయం కొన్ని గంటలే. మిగతా రెండు రోజులూ ఆ లారీ చక్రాల మీద నిలబెట్టిన గోదాము. కేంద్రంలో అక్క ఆ లారీ కోసమే ఎదురుచూస్తోంది.

మిల్లర్‌ను తిట్టి ఊరుకోవడం కూడా సగం లెక్కే. పాత వడ్లు ఆడించి బియ్యం ప్రభుత్వానికి అప్పగిస్తేనే ఆయన ఆవరణ ఖాళీ అవుతుంది. క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి ఇవ్వాలి. ఆ బియ్యం దించుకోవడానికి గోదాములో జాగా ఉండాలి. గోదాములో జాగా కావాలంటే అక్కడి బియ్యం వ్యాగన్లలో ఇతర రాష్ట్రాలకు కదలాలి. మా ఊరి కల్లంలో కుప్ప కదలకపోవడానికి కారణం ఒక్కోసారి ఆ వరస చివర ఎక్కడో ఉంటుంది. అయినా సీజన్ మొదలవగానే మనం రిబ్బన్ కత్తిరించేది కొత్త కొనుగోలు కేంద్రానికే. కేంద్రాలు పెరిగితే రైతుకు దూరం తగ్గుతుంది, అది మంచిదే. ఎదురుచూపు మాత్రం తగ్గదు.

అందుకే నా మొదటి విన్నపం. లెక్కను వెనక నుంచి మొదలుపెట్టండి. ఫలానా మిల్లు రేపు ఎన్ని లారీలు దించగలదో ఈ సాయంత్రానికి తెలియాలి. దాన్నిబట్టి ఆ మిల్లుకు కట్టిన కేంద్రాల్లో రేపు ఎన్ని కాంటాలు నడవాలో తేలాలి. దాన్నిబట్టి టోకెన్లు. ఇప్పుడు జరుగుతున్నది దీనికి సరిగ్గా తలకిందులు. ముందు వడ్లు పోయించుకుంటాం, తర్వాత కాంటా పెడతాం, ఆ తర్వాత లారీ వెతుకుతాం, చివరికి మిల్లు గేటు తెరవమని కలెక్టరేట్ నుంచి ఫోన్ చేయిస్తాం.

ఒక మార్పును మనం సరిగ్గా లెక్కలోకి తీసుకోలేదనిపిస్తుంది. అది కోత మిషన్. వెనకట మనుషులు కోసేవాళ్లు. కోసిన వరిని కుప్ప వేసి, వీలు చూసుకుని తొక్కించేవాళ్లు. ఊరంతా కోత అయ్యేసరికి నెల పట్టేది. గడ్డితో ఉన్న ఆ వరికుప్పే రైతు సొంత గోదాము. గింజ అందులోనే మెల్లగా ఆరేది. ఇప్పుడు హార్వెస్టర్లు వరసగా దిగితే ఊరి వరి అంతా వారం పది రోజుల్లో వడ్లయి రోడ్డు మీదికొస్తుంది. తేమ ఇరవై శాతం పైనే ఉంటుంది. కోత వేగం ఎన్నో రెట్లు పెరిగింది. ఆరబోసే జాగా పెరగలేదు, లారీలు పెరగలేదు, మిల్లు దగ్గర దించే మనుషులూ పెరగలేదు. వరసలో ఒక్క పనిని వేగం చేస్తే దాని తర్వాతి పని ముందు గుట్ట పడుతుందని మొదటి సెమిస్టర్ పిల్లవాడు కూడా చెబుతాడు.

టయోటా వాళ్లు పేరు తెచ్చుకున్నది వేగంతో కంటే, పనిని ఎగుడుదిగుడు లేకుండా రోజుల మీద పరచడంతో. మనకూ అది కొత్త విద్యేమీ కాదు. ఎస్సారెస్పీ కాకతీయ కాలువ కింద వారబందీ పెట్టి నీళ్లు వదిలిన ప్రాంతం మనది. నీళ్లకు వంతులు ఒప్పుకున్న రైతు కోతలకు ఎందుకు ఒప్పుకోడు? పండిన పంటను పది రోజులు ఆపమని ఎవరూ అనరు, గింజ రాలుతుంది. కానీ ఏ ఊరికి హార్వెస్టర్లు ఎప్పుడు దిగుతాయో వాటి యజమానులకు ముందే తెలుసు. వ్యవసాయ విస్తరణ అధికారి దగ్గర నాట్ల తేదీలు ఉంటాయి. ఈ రెండూ ఒకచోట పెట్టుకుని చూస్తే మండలంలో నాలుగైదు రోజుల సర్దుబాటు సాధ్యమే. అంత చిన్న సర్దుబాటు చాలా పెద్ద తేడా తెస్తుంది.

ఎందుకంటే క్యూల లెక్క మన అంచనాకు అందదు. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే ఇంజినీరు 1909లోనే ఈ లెక్కలు మొదలుపెట్టాడు. అప్పుడొకటి, ఇప్పుడొకటిగా లారీలొచ్చే మిల్లు దగ్గర ఒక్కటే దింపుడు జట్టు ఉందనుకోండి. ఆ జట్టు సమయంలో 80 శాతం పనితో నిండితే సగటున నాలుగు లారీలు అక్కడ ఉంటాయి. 90 శాతం నిండితే తొమ్మిది. 95కి పోతే పంతొమ్మిది! పని పెరిగింది కొంచెమే, వరస పెరిగింది నాలుగైదు రెట్లు. "మిల్లు ఫుల్ కెపాసిటీలో నడుస్తోంది" అని మీటింగ్‌లో ఎవరైనా గొప్పగా చెబితే నాకు టెన్షన్ వచ్చేది ఇందుకే. కాస్త ఖాళీ ఉంచుకోవడం దండగ కాదు. 2020లో కరోనా వచ్చినప్పుడు సరుకు సరిగ్గా సమయానికి తెప్పించుకునే పెద్దపెద్ద కంపెనీలు చాలా ఆగిపోయి, ఆ తర్వాత నిల్వలు, రెండో దారులు పెట్టుకోవడం మొదలుపెట్టాయి. సీజన్‌కు ముందే అదనపు దింపుడు జట్టు మాట్లాడుకోవడం, మార్కెట్ యార్డు షెడ్డో, ఫంక్షన్ హాలో తాత్కాలిక గోదాముగా తీసిపెట్టుకోవడం అలాంటివే. ఏప్రిల్, మే నెలల్లో అకాల వర్షం వస్తుందా రాదా అని ఇప్పుడు జాతకం చూడనక్కర్లేదు. 2023 యాసంగిలో వడగళ్లు, వానలు కల్లాలను ఎంత ముంచాయో అందరం చూశాం.

ఇక తూకం సంగతి. నా అసలు బాధ ఇక్కడే ఉంది, కాస్త ఓపికగా చదవండి.

తేమ 17 శాతం లోపుంటే కొనాలి. మా కేంద్రంలో మాయిశ్చర్ మిషన్‌తో చూడడం ఎన్నోసార్లు చూశాను. అక్క కుప్ప పైన గుప్పెడు తీసి పోస్తే 15 చూపిస్తుంది. రైతు ముఖం విచ్చుకుంటుంది. మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి తీస్తే 19. కుప్ప తిరగేసి మళ్లీ ఆరబోయాలి. ఇందులో అన్యాయమేమీ లేదు. రెండూ నిజమైన అంకెలే, నాలుగైదు చోట్ల తీసి సగటు కడితే చాలు. అన్యాయం ఆ తర్వాత మొదలవుతుంది. 17కు వచ్చాక కూడా కాంటా కాదు. లారీ లేదు. కుప్ప అలాగే మే నెల ఎండలో ఉంటుంది. తేమ 14కు పడిపోతుంది. వంద కిలోల వడ్లలో 17 శాతం నీరుంటే అసలు గింజ 83 కిలోలు. అదే గింజ 14 శాతం తేమతో తూచితే తొంభై ఆరున్నర కిలోలు. అంటే క్వింటాలుకు మూడున్నర కిలోలు గాలిలో కలిశాయి. వంద క్వింటాళ్లు పండించిన రైతుకు, 2025-26 సీజన్‌కు ఏ గ్రేడ్ వడ్లకు ప్రకటించిన 2,389 రూపాయల మద్దతు ధరతో చూస్తే, నష్టం ఎనిమిది వేలు దాటుతుంది. ఏ రసీదులోనూ కనపడని కోత ఇది. ఎవరూ దొంగతనం చేయలేదు, ఎదురుచూపే తినేసింది. ఎండ దెబ్బకు గింజ లోపల చీలితే మిల్లులో నూక పెరుగుతుంది. అప్పుడు నూక ఎక్కువొస్తోందని అదే రైతుకు కోత పెడతారు. ఆలస్యం ఒకరిది, దండుగ ఇంకొకరికి.

కనబడే కోత కూడా ఉంది. బస్తాకు నలభై కిలోలు, దాని మీద ఖాళీ సంచి బరువు ఆరు వందల గ్రాములు. అంతవరకే న్యాయం. తాలు పేరుతో, తరుగు పేరుతో ఇంకో కిలో తూచితే క్వింటాలుకు రెండున్నర కిలోలు పోయినట్టు. వంద క్వింటాళ్లకు దాదాపు ఆరు వేలు. పోనీ కేంద్రంలో తూచాక అయిపోతుందా? లారీ మిల్లుకు పోయాక అక్కడ మళ్లీ చూస్తారు, "తాలుంది, ఇన్ని బస్తాలు కట్" అని ఫోన్ వస్తుంది. రైతు అక్కడ ఉండడు, చూసినవాడు ఉండడు. ఒప్పుకోకపోతే లారీ దించరు. లారీ దించకపోతే ట్రక్ షీట్, అంటే లారీ లోడు వివరాల కాగితం, తిరిగి రాదు, ట్యాబ్‌లో ఎంట్రీ కాదు, పైసలు పడవు. వెనకున్న రైతులంతా "ఒప్పుకో అన్నా, మా లారీ ఆగుతోంది" అని బతిమాలతారు. ఇంతమంది సాక్షిగా ఒక మనిషి చేత సంతకం పెట్టించే పద్ధతి ఇది.

ఆపరేషన్స్‌లో నీతి అంటే మా పాఠాల్లో పర్యావరణం, బాల కార్మికులు, సరఫరాదారులకు సమయానికి చెల్లింపులు అని అధ్యాయాలుంటాయి. అవన్నీ సరే. నా దృష్టిలో ముందుగా అడగాల్సింది, ఈ వరసలో ఆలస్యమైతే ఆ ఖర్చు ఎవరి జేబులోంచి పోతోందని. ఆలస్యం చేసినవాడి జేబులోంచి పోతే వాడే తొందర చేస్తాడు. ఇప్పుడు మిల్లులో జాగా లేకపోయినా, లారీ కాంట్రాక్టరు బండ్లు పంపకపోయినా, గోదాము నిండినా, అన్నిటి ఖర్చూ వచ్చి వాలేది కల్లం మీదే. రైతు కుప్ప మనందరికీ అద్దె లేని గోదాము. అద్దె లేని గోదామును ఎవరు మాత్రం తొందరగా ఖాళీ చేస్తారు?

నాణ్యత పరీక్ష ఒక్కచోటే జరగాలి, అది రైతు కళ్ల ముందు. తూచి, రసీదు చేతికిచ్చిన నిమిషం నుంచి ఆ వడ్లు ప్రభుత్వానివి. తర్వాత తడిసినా, తరిగినా, లారీలో సంచి చినిగినా రైతుకు సంబంధం ఉండకూడదు. మిల్లరుకు అనుమానముంటే ఆయన మనిషిని కేంద్రంలోనే కూర్చోబెట్టాలి, అభ్యంతరం అక్కడే చెప్పాలి. నాణ్యతను చివర్లో పరీక్షలతో తేలేమని, పని జరిగే చోటే చూసుకోవాలని అమెరికా నాణ్యతా నిపుణుడు డెమింగ్ జపాన్ వాళ్లకు చెప్పి డెబ్బై ఏళ్లు దాటింది. మనం అక్కడికి పోకపోయినా, కనీసం ఒకే సరుకును రెండుసార్లు పరీక్షించి రెండోసారి కోసే పనిని ఆపగలం. ఇక టోకెన్ ఇచ్చిన తేదీ దాటి కుప్ప ఆగితే రోజుకు క్వింటాలుకు ఇంత అని రైతుకు కట్టివ్వండి. చిన్న మొత్తమైనా ఫర్వాలేదు. ఆ బిల్లు నెలాఖరుకు ఏ శాఖ టేబుల్ మీదికి వస్తుందో, మరుసటి సీజన్‌కు ఆ శాఖే గోదాములు వెతుకుతుంది.

ఈ మధ్య ఏ సమావేశానికి పోయినా యాప్, డాష్‌బోర్డ్, ఏఐ అన్న మాటలు లేకుండా గడవడం లేదు. నేను వాటికి వ్యతిరేకిని కాదు, పాఠం చెప్పి జీతం తీసుకునేది వాటి గురించే. ఉపగ్రహ చిత్రాలతో ఏ మండలంలో వరి ఎప్పుడు కోతకొస్తుందో అంచనా వేయొచ్చు, లారీ ఎక్కడ ఆగిందో జీపీఎస్ చెబుతుంది. కానీ 2025లో పత్తికి కపాస్ కిసాన్ యాప్ వచ్చింది కదా, స్లాట్ బుక్ చేసుకుంటేనే సీసీఐ (భారత పత్తి సంస్థ) కొనుగోలు. యార్డు బయట రాత్రంతా బండి కట్టుకుని ఉండే బాధను తగ్గించే ఆలోచన అది. అయితే స్మార్ట్‌ఫోన్ లేని కౌలు రైతు పక్కింటి పిల్లవాడి చుట్టూ తిరగాలి. స్లాట్ రోజుకు వాన పడి పత్తిలో తేమ 12 శాతం దాటితే ఆ స్లాట్ ఎందుకూ పనికిరాదు. యాప్ క్యూను రోడ్డు మీద నుంచి ఫోన్‌లోకి మారుస్తుంది. దించే జట్టు పెరగకపోతే క్యూ మాత్రం ఎక్కడికీ పోదు, కాకపోతే ఫొటోలో పడదు. వడ్లకు కూడా అలాంటిదే తెస్తే, పక్కనే కాగితం టోకెన్ ఉండనివ్వండి, అక్క నోటు పుస్తకంలోని సీరియల్‌కూ విలువ ఉండనివ్వండి.

ఆగగలిగే శక్తి ఎవరికుంటే ధర వాళ్ల చేతిలో ఉంటుందన్నది ఎనుమాముల మార్కెట్లో మిర్చి చూసినవాళ్లకు తెలిసిందే. మిర్చికి వరంగల్ చుట్టూ కోల్డ్ స్టోరేజీలున్నాయి, కిరాయి కట్టగలిగినవాడు ధర చూసి అమ్ముకుంటాడు. వడ్ల రైతుకు ఉన్నది రోడ్డు, రెండు కిరాయి పట్టాలు.

హమాలీల గురించి, సంఘం అక్కల గురించి కూడా ఒక మాట. పగలు పన్నెండు నుంచి నాలుగింటి దాకా బస్తాలు మోయించకుండా ఉదయం, సాయంత్రం రెండు షిఫ్టులు పెడితే రోజు మొత్తం తూకం తగ్గదు. ఎండకు పడిపోయిన మనిషి మరుసటి రోజు రాడు, ఆ నష్టం ఏ లెక్కలోనూ రాయరు. అక్కల చేతిలో ఉన్నది కాంటా, ట్యాబ్ మాత్రమే. లారీ వాళ్ల మాట వినదు, మిల్లు వాళ్ల ఫోన్ ఎత్తదు. తిట్లు మాత్రం అన్నీ వాళ్లకే. బాధ్యత ఇచ్చినప్పుడు అధికారం కూడా కొంత ఇవ్వాలి. నలభై ఎనిమిది గంటల్లో లారీ రాకపోతే స్థానికంగా బండి కిరాయికి మాట్లాడుకునే అనుమతి ఇవ్వండి, ఆ కిరాయిని కాంట్రాక్టరు బిల్లులో కోయండి. ఈ ఒక్క అనుమతితో ఎన్ని లారీలు సమయానికి వస్తాయో మీరే చూస్తారు.

ఇవన్నీ ఒకేసారి కావని తెలుసు. వచ్చే సీజన్‌కు ఒక్క మండలం ఎంచుకోండి. అందులో ప్రతి కేంద్రం ముందు ఒక నల్లబోర్డు, దాని మీద రోజూ సాయంత్రం మూడే అంకెలు: ఈరోజు లోపల ఉన్న బస్తాలు, ఈరోజు లారీ ఎక్కినవి, సగటు ఎదురుచూపు ఎన్ని రోజులు. మిల్లు గేటు దగ్గర ఇంకో బోర్డు: వచ్చిన లారీలు, దించినవి, ఆగి ఉన్నవి. లెక్క రాయడానికి మనుషులు కావాలంటే మా కాలేజీ పిల్లలున్నారు. ఏటా ప్రాజెక్ట్ వర్క్ పేరుతో ఇంటర్నెట్‌లోంచి దింపి బైండింగ్ చేయించి తెస్తారు. దానికి బదులు ఇరవై మంది గడియారం, పుస్తకం పట్టుకుని కల్లాల దగ్గర, మిల్లు గేట్ల దగ్గర నిలబడతారు. మాకు డబ్బులేమీ వద్దు. మిల్లు గేటు దగ్గర నిలబడడానికి అనుమతి పత్రం, ట్రక్ షీట్లలోని తేదీలు చూసే వీలు, ఈ రెండు ఇప్పిస్తే చాలు. కోతలు మొదలవడానికి నెల ముందు చెబితే పిల్లలకు తూకం, తేమ చూడడం నేర్పి సిద్ధంగా ఉంచుతాను.

ఇట్లు,
హనుమకొండ నుంచి ఒక అధ్యాపకుడు, వరి రైతు